ఒక చెట్టు - పలు పేర్లు : ఉద్యాన గ్రంథపాలకుల సభలు

తెలుగువారికి గ్రంథాలయ సభలు క్రొత్తవి కావు. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఆ సభలోనే పుట్టినది. నాడు వచ్చినవారు సకల విషయముల గ్రంథములకును కాపరులు. అయితే మొక్కలు, తోటలు, పండ్లు - వీనిని గూర్చిన పుస్తకములనే భద్రపరచుచు, ఆ పనికొరకే ఏటేట కలిసికొనువారును లోకమున కలరు.

వ్యవసాయ గ్రంథపాలకుల అంతర్జాతీయ సంఘము 1955లో బెల్జియములోని ఘెంట్ నగరమున ఏర్పడినది. మన దేశమున అట్టి సంఘము 1971లో వెలసినది. వృక్షశాస్త్ర, ఉద్యాన గ్రంథాలయములకే ప్రత్యేకమైన మండలి 1969-70లో అమెరికాలోను, దానివంటిదే 1994లో ఐరోపాలోను స్థాపితములైనవి. ఈ సభలు తరచుగా ఏదో యొక వృక్షోద్యానముననే జరుగును. పెళుసుబారిన కాగితమును కాపాడుట ఎట్లు? రంగుల చిత్రములు వెలిసిపోకుండుట ఎట్లు? పాత నర్సరీల ధరల పట్టికలను దాచవలెనా? - ఇవి అచటి చర్చలు. ధరల పట్టిక అల్పమని తోచవచ్చును గాని, ఒక పండ్లరకము ఏ యేట అమ్మకమునకు వచ్చినదో తెలుపు సాక్ష్యము ఒక్కొక్కప్పుడు అదియే.

అన్నింటికంటె కఠినమైన సమస్య పేరు. దీనిని మన కొత్తకోట ప్రాంతముననే చూడవచ్చును. ఊరికి చేరువనున్న మోజెర్లలో ఉద్యాన కళాశాల కలదు. అది 2014లో ఏర్పడిన శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయమునకు చెందినది. ఈ పాలమూరు సీమ గుట్టలపై సీతాఫలము విరివిగా పెరుగును. బాలానగర్ పేర ఒక మేలి రకమే ప్రసిద్ధమైనది. ఒక విద్యార్థి సీతాఫలమును గూర్చి చదువగోరి, ‘కస్టర్డ్ ఆపిల్’ అను మాటతో వెదకెననుకొందము. మన దేశమున ఆ మాటకు సీతాఫలమే అర్థము. వెస్టిండీసు గ్రంథములలో అది రామాఫలము. ఆస్ట్రేలియాలో ఈ రెండును కాక, సీతాఫలమునకును చెరిమోయాకును పుట్టిన సంకరజాతి. మన సీతాఫలము వానలు వెనుకబట్టిన పిమ్మట పండును. రామాఫలము వేసవి మొగమున పండును. గుట్టమీద వాననీటితో బ్రదుకు చెట్టునకు, నీరు కట్టి పెంచు సంకరజాతి సేద్యపద్ధతిని సలహా చెప్పినచో నష్టము ఎవరిది? పుస్తకము అబద్ధము చెప్పలేదు. పేరు దారి తప్పించినది. నష్టపడినవాడు రైతు.

కావుననే ఈ గ్రంథపాలకులు శాస్త్రీయ నామమును ఆధారముగా గైకొందురు. సీతాఫలమునకు 1753లో లినేయస్ పెట్టిన పేరు ‘అనోనా స్క్వామోసా’. పొలుసులవంటి పైతొక్క గలదని దాని భావము. షరీఫా యని అడిగినను, సీతాఫలమని అడిగినను, షుగర్ ఆపిల్ అని అడిగినను సూచిక ఆ యొక్క చోటికే చేర్పవలెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1980 దశకమున ఆరంభించిన ‘అగ్రోవాక్’ అను బహుభాషా పదకోశము ఇట్టి సేతువే. అందు తెలుగునకును స్థానము లభించినది.

అయినను శాస్త్రనామమే చాలునని ఊరి పేరును త్రోసివేయరాదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, 1795 మొదలు వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున 300 చిత్రములతోపాటు తెలుగు పేర్లను గూడ నమోదు చేసెను. సోమిద చెట్టు యొక్క తెలుగు పేరే పిదప ‘సోయ్మిడా’ యను శాస్త్రనామమైనది. ప్రజల నాలుకపైనున్న మాట శాస్త్రమున కెక్కుటకు ఇది నిదర్శనము.

రాక్స్‌బర్గ్ నాడు చేసిన పనిలో మిగిలిన భాగము నేటి మన గ్రంథాలయములది. గుట్ట గుట్టకును మారు చెట్లపేర్లు గొఱ్ఱెల కాపరులకు, మూలికలు తెచ్చు వృద్ధులకు తెలియును. అవి వారితోనే అంతరింపక మునుపు, మొక్క నమూనాతో సరిచూచి, ఒక్కొక్క చీటీపై ఊరి పేరును, శాస్త్రనామమును, ఏ పల్లెలో వినబడినదో ఆ వివరమును వ్రాసియుంచవలెను. ఈ పనికి పెద్ద భవనము అక్కరలేదు. ఒక కళాశాల, ఒక శాఖా గ్రంథాలయము, ఓపిక గల నలుగురు విద్యార్థులు చాలును. రైతు తన నోటి మాటతో అడిగినపుడు సరియైన పుస్తకము చేతికందుటయే ఉద్యాన గ్రంథాలయమునకు పరమార్థము.