పాత సి.ఎన్.సి. మిల్లింగ్ యంత్రంలో స్పిండిల్ బెల్టు శబ్దం: కారణం గుర్తించే పద్ధతి

గత భాగంలో మోటారు నుంచి స్పిండిల్‌కు శక్తి చేరే పద్ధతులను చూశాం. ఈ భాగంలో బెల్టుతో నడిచే స్పిండిల్‌ను మాత్రమే తీసుకుందాం. పదిహేను, ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న నిలువు మిల్లింగ్ యంత్రాలు మన చిన్న పరిశ్రమల్లో ఇప్పటికీ ఉన్నాయి. మీలో కొందరు బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో అలాంటి యంత్రం మీదే పగలంతా పనిచేసి, రాత్రి ఈ పాఠం చదువుతుండవచ్చు. యంత్రం తలభాగం నుంచి కొత్త శబ్దం రాగానే ఎక్కువమంది చేసే మొదటి పని బెల్టు బిగించడం. అలా చేయడానికి ముందు ఏం చూడాలో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

ఒకసారి విద్యార్థులతో ఒక కర్మాగారానికి వెళ్లినప్పుడు ఇలాంటి యంత్రాన్ని చూశాను. రెండు నెలల్లో మూడుసార్లు బెల్టు బిగించారట. బిగించినప్పుడల్లా నాలుగు రోజులు శబ్దం తగ్గేది, మళ్లీ మొదలయ్యేది. కవరు తీసి చూస్తే మోటారు పుల్లీ బోల్టు సడలి, పుల్లీ షాఫ్టు మీద కొద్దిగా కిందికి జారింది. బెల్టు అంచు పుల్లీ అంచును రాసుకుంటోంది. బోల్టు బిగించడం పది నిమిషాల పని. కానీ అప్పటికే స్పిండిల్ పై బేరింగ్‌లు పాడయ్యాయి. స్పిండిల్ మరమ్మతుకు వెళ్లింది, యంత్రం వారాల తరబడి ఆగిపోయింది.

బిగువు పెరిగితే ఏమవుతుంది?

బేరింగ్‌లు ఎందుకు పోయాయో లెక్కతో చూద్దాం. రెండు పుల్లీల మధ్య ఉన్న బెల్టు భాగాన్ని వీణ తీగలా వేలితో మీటితే, అది ఒక నిర్దిష్ట పౌనఃపున్యంతో కంపిస్తుంది. దాని నుంచి బెల్టు తన్యతను ఇలా లెక్కకట్టవచ్చు:

తన్యత = 4 × మీటరు బెల్టు ద్రవ్యరాశి × (మధ్య పొడవు)² × (పౌనఃపున్యం)²

ఉదాహరణకు రెండు పుల్లీలకూ 40 పళ్ల చొప్పున ఉన్నాయనుకుందాం. పళ్ల మధ్య దూరం 8 మి.మీ., పుల్లీల కేంద్రాల మధ్య దూరం 320 మి.మీ. అయితే బెల్టు పొడవు 960 మి.మీ., అంటే 120 పళ్లు. మీటరు బెల్టు ద్రవ్యరాశి 0.18 కిలోగ్రాములు అనుకుంటే, 60 హెర్ట్జ్ వద్ద తన్యత సుమారు 265 న్యూటన్లు, 85 హెర్ట్జ్ వద్ద సుమారు 533 న్యూటన్లు. స్వరం అంత మారితేనే తన్యత రెట్టింపయింది. అలవాటు లేని చేతికి, వేలితో నొక్కి చూస్తే ఈ తేడా సరిగా తెలియదు.

బాల్ బేరింగ్ ఆయుష్షు దాని మీద పడే భారం ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. పుల్లీకి దగ్గరగా ఉన్న పై బేరింగ్ మీద ప్రధాన భారం బెల్టు లాగుడే. అది రెట్టింపయితే బేరింగ్ ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బిగించిన బెల్టు కొట్టుకోవడం, పక్కకు నడవడం తాత్కాలికంగా తగ్గుతాయి కాబట్టి శబ్దం కూడా తగ్గుతుంది. అందుకే జబ్బు తగ్గిందన్న భ్రమ కలుగుతుంది.

శబ్దం ఎక్కడిది?

కవరు తెరిచే ముందు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయండి. డ్రైవ్‌లోని కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది కాబట్టి దాని జోలికి పోవద్దు. యంత్రాన్ని తిప్పి వినాల్సిన పరీక్షలన్నీ కవర్లు మూసే చేయాలి. కవరు స్విచ్‌ను ఏమార్చి, తిరుగుతున్న బెల్టు దగ్గర తల పెట్టి వినే అలవాటు చాలా వర్క్‌షాపుల్లో ఉంది. అనుభవం ఉన్నవాళ్లే ఎక్కువగా ఆ పని చేస్తారు. మీరు చేయవద్దు.

ఖాళీ టూల్ హోల్డర్ బిగించి, మొదట స్పిండిల్‌ను చాలా నెమ్మదిగా, నిమిషానికి 120 చుట్లతో తిప్పండి. టక్ టక్‌మనే శబ్దం ఉంటే గడియారం చూసుకుంటూ లెక్కపెట్టండి. పై ఉదాహరణలో బెల్టుకు 120 పళ్లు, పుల్లీకి 40 పళ్లు. కాబట్టి స్పిండిల్ మూడు చుట్లు తిరిగితే బెల్టు ఒక చుట్టు తిరుగుతుంది. నిమిషానికి 40 టక్‌లు వినిపిస్తే లోపం బెల్టులోనే ఉంది: పగులు, ఊడిన పన్ను, లేదా పళ్ల మధ్య ఇరుక్కున్న ఇనుప రజను. నిమిషానికి 120 వినిపిస్తే పుల్లీనో, షాఫ్టునో అనుమానించాలి. రెండు పుల్లీలూ సమానం కాబట్టి అది మోటారు వైపా, స్పిండిల్ వైపా అన్నది ఈ లెక్క చెప్పదు. ఏ పరికరమూ అక్కరలేని ఈ పరీక్షను నేను అన్నిటికన్నా ముందు ఉంచుతాను.

తరువాత అదే వేగంతో ఎం03, ఎం04 ఆదేశాలతో రెండు దిశల్లోనూ తిప్పి వినండి. ఒక దిశలో గట్టిగా, రెండో దిశలో తక్కువగా వినిపిస్తే బెల్టు అంచు పుల్లీ అంచును రాసుకుంటూ ఉండవచ్చు. అంటే పుల్లీలు ఒకే సమతలంలో లేవు. నేను చూసిన ఆ యంత్రంలో ఈ ఒక్క పరీక్ష చేసినా దారి దొరికేది.

ఇక వేగం పెంచండి. పళ్ల బెల్టు ఎంత బాగున్నా కొంత కూత పెడుతుంది. ప్రతి పన్నూ పుల్లీ గాడిలో దిగేటప్పుడు మధ్యలోని గాలి బయటికి నెట్టుకొస్తుంది. నిమిషానికి 1500 చుట్ల వద్ద 40 పళ్ల పుల్లీ సెకనుకు 1000 పళ్లను కలుపుతుంది కాబట్టి 1000 హెర్ట్జ్ దగ్గర స్వరం వినిపించడం సహజం. వేగంతో పాటు ఈ స్వరమూ మారుతుంది. వేగం మారినా స్వరం మారని సన్నని కూత మోటారు డ్రైవ్ విద్యుత్ స్విచింగ్‌ది కావచ్చు. దానికీ బెల్టుకూ సంబంధం లేదు.

వి-బెల్టు యంత్రాల్లో స్పిండిల్ వేగం అందుకునేటప్పుడో, లోతుగా కోసేటప్పుడో కీచుమంటే అది జారుడు. బెల్టు వదులై ఉండవచ్చు, నూనె తడిసి ఉండవచ్చు, లేదా పాతబడి ముఖం గాజులా నునుపెక్కి ఉండవచ్చు. నూనె తడిసిన బెల్టును బిగించి లాభం లేదు. నూనె ఎక్కడి నుంచి వస్తోందో చూసి, బెల్టు మార్చాలి. రెండు మూడు బెల్టులు పక్కపక్కన ఉంటే అన్నిటినీ ఒకేసారి మార్చాలి. కారు మెకానిక్‌లలాగా నీళ్లు చల్లి చూడడం, బెల్టుకు స్ప్రే కొట్టడం మోటారు పక్కన చేయాల్సిన పనులు కావు.

బెల్టు తీసి చూడడం

ఇంతవరకూ తేలకపోతే బెల్టు తీయాలి. తీసే ముందు బెల్టు మీద, రెండు పుల్లీల మీద రంగుతో గుర్తులు పెట్టండి. కొన్ని యంత్రాల్లో స్పిండిల్ ఏ కోణంలో ఆగాలో మోటారులోని ఎన్‌కోడరే చెబుతుంది. అలాంటి చోట 40 పళ్ల పుల్లీ మీద బెల్టు ఒక్క పన్ను తేడాతో పడితే స్పిండిల్ 9 డిగ్రీలు పక్కకు ఆగుతుంది. అప్పుడు టూల్ మార్చే చేయి హోల్డర్‌ను గుద్దుతుంది. బెల్టు తిరిగి వేశాక ఎం19 ఇచ్చి ఆగే స్థానం సరిచూసుకోకుండా టూల్ మార్పు ఆదేశం ఇవ్వవద్దు.

బెల్టు తీశాక స్పిండిల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. గరుకుగా, గింజలు పొర్లినట్లు తగిలితే లోపం బేరింగ్‌లో ఉంది. మెత్తగా తిరిగితే కవరు మూసి మోటారును ఒంటరిగా నడపండి. ఎన్‌కోడర్ స్పిండిల్ వైపు ఉన్న యంత్రాల్లో ఇలా నడిపితే అలారం వస్తుంది, అది సహజమే. మోటారు నిశ్శబ్దంగా తిరిగి, స్పిండిల్ కూడా మెత్తగా ఉంటే మిగిలింది బెల్టూ, పుల్లీల అమరికే.

పుల్లీల ముఖాల మీద ఉక్కు స్కేలు ఆనించి అమరిక చూడండి. పళ్ల బెల్టుకు పావు డిగ్రీ మించిన తేడా ఉండకూడదని సాధారణ నియమం. మన ఉదాహరణలోని 320 మి.మీ. దూరానికి అది సుమారు 1.4 మి.మీ. అమరిక సరిచేశాకే బిగువు సంగతి. ఎంత బిగువు ఉండాలో యంత్రం మాన్యువల్‌లోనో, బెల్టు తయారీదారు పట్టికలోనో ఉంటుంది. దాన్ని పై సూత్రంతో పౌనఃపున్యంగా మార్చుకుని, బెల్టును మీటి, ఫోన్‌లో వాద్యాల శ్రుతి చూసే ఆప్‌తో కొలవవచ్చు. వర్క్‌షాపు రొద ఎక్కువగా ఉంటే భోజన విరామంలో కొలవండి.

అభ్యాసం

1. మోటారు పుల్లీకి 32, స్పిండిల్ పుల్లీకి 40, బెల్టుకు 128 పళ్లు ఉన్నాయి. స్పిండిల్ నిమిషానికి 160 చుట్లు తిరుగుతున్నప్పుడు నిమిషానికి 50 టక్‌లు వినిపించాయి. లోపం ఏ భాగంలో ఉంది? అదే 200 టక్‌లు వినిపిస్తే?

2. బెల్టు పౌనఃపున్యాన్ని 70 నుంచి 84 హెర్ట్జ్‌కు పెంచితే తన్యత ఎన్ని రెట్లవుతుంది? పై బేరింగ్ మీద బెల్టు లాగుడే ప్రధాన భారమైతే, దాని ఆయుష్షు సుమారు ఎన్నో వంతుకు తగ్గుతుంది?