ముసలి కుక్కకు శస్త్రచికిత్స: తరువాత ఇంటివారు చేయవలసిన సేవ

గ్రామములలో కుక్క రైతునకు జీతము లేని కావలివాడు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో మొక్కజొన్న కంకి పాలుపోసుకొను దినములలో అడవిపందులును, కోతులును చేనుపై పడుచుండును. మంచెపై మనిషి కునికినను, మంచె క్రింది కుక్క కునుకదు. సిరిసిల్ల వైపు గొల్ల, కురుమ సోదరుల గొర్రెల మందలకు రాత్రివేళ అదియే కాపలా. ఇట్లు పది సంవత్సరములు సేవచేసిన కుక్క జబ్బుపడినపుడు, "ముసలిదైనది, దాని దినములు తీరినవి" అని మూలకు వదలుట మనలో పలువురికి అలవాటు.

ముసలితనము వేరు, వ్యాధి వేరు. వ్యాధికి చికిత్స కలదు. నేడు కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. జగిత్యాలలోను, సిరిసిల్లలోను పశువైద్యశాలలు కలవు. గర్భసంచిలో చీము, రొమ్ములపై గడ్డలు, మూత్రాశయములో రాళ్ళు, ఎముక విరుగుట మున్నగు వాటికి పెద్ద వయసు కుక్కలకు సైతము పశువైద్యులు శస్త్రచికిత్స చేయుచున్నారు. అయితే వైద్యుని పని గంటయో, రెండు గంటలో. ఆ మీదట రెండు వారముల పని ఇంటివారిది. ఈ రెండవ పని చెడినచో మొదటి పని వ్యర్థమగును. కావున ఇంటివారు తెలిసికొనవలసిన విషయములను ఇచట వివరించుచున్నాము. ఈ వ్యాసకర్త వ్యవసాయ శాఖ ఉద్యోగియే గాని పశువైద్యుడు కాడు. ఇందు చెప్పినవి ఇంటి సేవకు సంబంధించినవి. మందుల విషయములో మీ పశువైద్యుని మాటయే ప్రమాణము.

ఒక రైతు అనుభవము

జగిత్యాల సమీపమున ఒక రైతు వద్ద పదకొండేండ్ల ఆడకుక్క ఉండెను. బరువు సుమారు 20 కిలోలు. ఎదకు వచ్చిన నెలన్నర తరువాత అది మేత మాని, కుండల కొలది నీరు త్రాగి, మాటిమాటికి మూత్రము పోయసాగెను. ముసలితనమని ఇంటివారు వారము దినములు ఊరకుండిరి. కడుపు ఉబ్బి, వాంతులు మొదలైన పిదప పశువైద్యునికి చూపిరి. గర్భసంచి చీముతో నిండినదని తేలెను. పిల్లల ఆపరేషను కాని పెద్ద వయసు ఆడకుక్కలలో ఈ వ్యాధి తరచు కనబడును. ఎద ముగిసిన ఒకటి రెండు నెలలలో ఇది బయటపడుట పరిపాటి. గర్భసంచిని, అండాశయములను తీసివేయుటయే దీనికి సరియైన చికిత్స. ఆలస్యమైనకొలది విషము రక్తములో చేరి ప్రాణాపాయమగును.

శస్త్రచికిత్స చక్కగా జరిగెను. మూడవ దినమునకే కుక్క లేచి తోక ఊపినది. ఇంటిల్లిపాదియు సంతోషించి కట్టు విప్పిరి. నాల్గవ రాత్రి చేనువైపు పంది అలికిడి వినబడగా అది గోడదూకి పరుగెత్తెను. తెల్లవారుసరికి కడుపు క్రింద మెత్తని బుడిపె. లోపలి కుట్లు వీడినవి. మరల మత్తు, మరల కోత. ఈసారి రైతు దానిని గదిలో కట్టివేసి, పదునాలుగు దినములు ప్రక్కనే పండుకొనెను. కుక్క బ్రతికినది. తరువాత ఆయన మాతో చెప్పిన మాట ఇది: "కోసుడు గంటల అయిపోయింది సారూ, కట్టేసుడే పద్నాలుగు రోజులు పట్టింది."

ఈ మాటలోనే సేవా మర్మమంతయు ఉన్నది. తోక ఊపుట ఆరోగ్యమునకు గుర్తు కాదు. కోసిన చోట మొదటి నాలుగైదు దినములు కండకు సొంత బలము దాదాపు ఉండదు. దారమే దానిని పట్టి ఉంచును. చర్మము పది, పదునాలుగు దినములకు అతుకును. లోపలి కండపొర పూర్వబలము పొందుటకు నెలలు పట్టును. ముసలి దేహములో ఈ అతుకుట ఇంకను నెమ్మది.

ఇంటికి తెచ్చునపుడు, మొదటి రాత్రి

కుక్కను ట్రాక్టరు ట్రాలీలో తేరాదు. కుదుపులకు కుట్లు అదురును. ఆటోలోగాని, కారులోగాని వెడల్పు పలకపై పక్కకు పరుండబెట్టి, ఒకరు తల, ఒకరు నడుము పట్టుకొని తేవలెను. మత్తు పూర్తిగా దిగని కుక్క యజమానినైనను కరవవచ్చును. కావున దాని మూతి దగ్గర ముఖము పెట్టరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

ముసలి కుక్కలో కాలేయము, మూత్రపిండములు నెమ్మదిగా పనిచేయును. అందువలన మత్తు ప్రభావము ఒకటి రెండు దినములు నిలువవచ్చును. ఈ సమయమున రెండు ప్రమాదములు కలవు. మొదటిది చలి. మత్తులో దేహము చల్లబడును కావున దుప్పటి కప్పవలెను. మండు వేసవిలో ఇందుకు విరుద్ధముగా నీడ, గాలి ముఖ్యము. మన ప్రాంతమున మే నెలలో వేడి 45 డిగ్రీల సెల్సియసు దాకా పోవును. కుక్క మనవలె ఒళ్ళంతా చెమటోడ్చి చల్లబడలేదు. నాలుక చాచి రొప్పుట ఒక్కటే దానికి ముఖ్య మార్గము. కావున రేకుల షెడ్డు క్రింద ఉంచరాదు.

రెండవ ప్రమాదము మన ప్రేమవలన వచ్చును. ఎద్దుకు వెదురు గొట్టముతో మందు పోయు అలవాటు గలవారు, నీరసించిన కుక్కకు కూడ గంజి, పాలు నోట పోయుదురు. మత్తులో నున్న కుక్క మింగలేదు. పోసినది ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా కలుగును. తనంతట తాను తల నిలిపి, నాలుకతో గతికినప్పుడు మాత్రమే పళ్ళెములో కొద్ది కొద్దిగా నీరు పెట్టవలెను.

పడక, నడక

గచ్చు, నున్నని బండలు ముసలి కాళ్ళకు శత్రువులు. జారి పడినచో కుట్లు వీడును, కీళ్ళు నొచ్చును. గోనెసంచిలో వరిగడ్డి నింపి పరుపుగా వేసి, పైన ఉతికిన నూలు దుప్పటి పరువవలెను. సిరిసిల్ల మరమగ్గములపై పాలిస్టరు, నూలు రెండును నేయుదురు. ఈ పనికి నూలు బట్టయే మేలు. పాలిస్టరు తడిని పీల్చదు. దుప్పటిని ప్రతిదినము మార్చవలెను. లేవలేని కుక్కను నాలుగు గంటల కొకమారు ప్రక్క మార్చవలెను. లేనిచో తుంటి, మోచేతులపై ఒరుపు పుండ్లు పడును, ఊపిరితిత్తులలో నెమ్ము చేరును.

మొదటి రెండు వారములు కుక్క గదిలోనో, తడకల మధ్యనో ఉండవలెను. మలమూత్రములకు మాత్రము మెడపట్టీ వేసి, దినమునకు నాలుగైదు మారులు, ఐదు నిమిషముల చొప్పున నెమ్మదిగా నడిపింపవలెను. మంచము ఎక్కుట, మెట్లు దిగుట, ఇతర కుక్కలతో ఆట, పరుగు పనికిరావు. లేచుటకు బలము చాలనిచో మడిచిన తువ్వాలును వెనుక తొడల క్రిందుగా, కుట్లకు తగలకుండ పోనిచ్చి, రెండు కొసలు పైకి పట్టి సాయపడవలెను. బొత్తిగా కదలనీయకుండుటయు మంచిది కాదు. ముసలి కీళ్ళు బిగిసిపోవును. కట్టివేయుట పరుగును ఆపుటకే గాని, నడకను మాన్పుటకు గాదు.

ఆహారము, నీరు

వైద్యుడు అనుమతించిన పిదప మొదటి దినము మామూలులో నాల్గవవంతు చాలును. 20 కిలోల కుక్కకు విశ్రాంతిలో దినమునకు సుమారు 650 కిలోక్యాలరీలు కావలెను. 250 గ్రాముల మెత్తని అన్నము, 2 ఉడికిన గుడ్లు, ఎముకలు లేని 100 గ్రాముల ఉడికిన కోడిమాంసము కలిపినచో ఇంచుమించు అంత శక్తి లభించును. దీనిని నాలుగు భాగములు చేసి పెట్టవలెను. గాయము మానుటకు మాంసకృత్తులు అవసరము కావున వట్టి గంజితో సరిపెట్టరాదు. మాంసము తినని ఇండ్లలో గుడ్లు, పెరుగు ఎక్కువ చేయవచ్చును. మూత్రపిండములు చెడిన కుక్కకు ఏమి పెట్టవలెనో వైద్యునే అడుగవలెను.

కారము, నూనె, ఉల్లి, వెల్లుల్లి, ఎముకలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి రక్తకణములను చెరచును. ద్రాక్ష మూత్రపిండములను చెరచును. ముసలి కుక్కకు వాసన తెలియుట తగ్గును. తిననిచో ఆహారమును గోరువెచ్చగా చేసి, చేతితో అందించి చూడవలెను. 20 కిలోల కుక్క దినమునకు సుమారు ఒక లీటరు నీరు త్రాగవలెను. వేసవిలో ఇంకను ఎక్కువ కావలెను.

శస్త్రచికిత్స తరువాత మూడు, నాలుగు దినములు మలము రాకున్నను భయపడనక్కరలేదు. కాని 24 గంటలలో మూత్రము రాకున్నచో ఆలస్యము చేయరాదు.

గాయము, పసుపు

మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతములు పసుపు పంటకు పేరుగన్నవి. ఇంట పసుపు ఉండగా గాయమునకు పూయుట మనకు సహజముగా తోచును. కాని కళ్ళములో నేలపై ఎండిన పసుపులో మట్టి, సూక్ష్మజీవులు కలిసియుండును. శుభ్రముగా కుట్టిన గాయముపై దానిని పూయుట చీమును పిలుచుటయే. సున్నము, బూడిద, నూనె, కిరోసిను, ఫినాయిలు కూడ అంతే. వైద్యుడు చెప్పనిదే ఏదియు పూయరాదు. కుట్లు తీయువరకు స్నానము చేయింపరాదు.

ఉదయము, సాయంకాలము కుట్లను కంటితో చూడవలెను. మొదటి రెండు మూడు దినములు కొద్ది ఎరుపు, వాపు ఉండవచ్చును. అవి తగ్గుచుండవలెను గాని పెరుగరాదు. కుక్క నాకినచో గాయము బాగగునను నమ్మకము సరి కాదు. నాకుట వలన కుట్లు తెగును, నోటి సూక్ష్మజీవులు గాయమున చేరును. పశువైద్యులు మెడకు వేయు గరాటు వంటి కాలరు దొరకనిచో, ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసి, అంచులకు గుడ్డ చుట్టి మెడకు తగిలింపవచ్చును. కడుపు కుట్లకు పాత నూలు బనియను తొడిగినను కొంత రక్షణ కలుగును. వానకాలమున ఈగలు గాయముపై గ్రుడ్లు పెట్టును, పురుగులు పడును. కావున పగటివేళను సైతము దోమతెర కట్టవలెను.

నొప్పి, మందులు

ముసలి కుక్క నొప్పిని అరచి చెప్పదు. మూలకు చేరుట, వణకుట, వీపు వంచి నిలుచుట, ముట్టిన గుర్రుమనుట, నిద్రపోకుండుట నొప్పికి గుర్తులు. అటువంటప్పుడు కిరాణా కొట్టులో దొరకు మాత్ర వేయుట మిక్కిలి అపాయకరము. మనుషులు వాడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్క కడుపులో పుండ్లు కలిగించి, మూత్రపిండములను చెరచును. పారాసిటమాల్ కాలేయమునకు, రక్తమునకు హాని చేయును. డైక్లోఫెనాక్‌ను పశువైద్యమున వాడరాదని భారత ప్రభుత్వము 2006లో నిషేధించినది. ఆ మందు వాడిన పశుకళేబరములను తిని రాబందులు నశించుటయే ఇందుకు కారణము. కుక్కలకు తగిన నొప్పి మందులు వేరుగా కలవు; వాటిని వైద్యుడే బరువును బట్టి నిర్ణయించును. సూక్ష్మజీవులను చంపు మందులను మధ్యలో ఆపరాదు. మాత్రను అన్నపు ముద్దలోగాని, ఇడ్లీ ముక్కలోగాని పెట్టి మ్రింగింపవచ్చును.

వెంటనే వైద్యుని పిలువవలసిన గుర్తులు

1. చిగుళ్ళు గులాబి రంగు పోయి తెల్లబడుట.
2. నిదానముగా పండుకొన్నను నిమిషమునకు 40కి మించి ఊపిరి తీయుట. నిద్రలో 30కి లోపు ఉండవలెను.
3. మలద్వారమున ఉంచి చూచిన వేడిమి 103 డిగ్రీల ఫారన్‌హీటుకు మించుట, లేక 99కి దిగుట. కుక్కకు 101 నుండి 102.5 వరకు సహజము.
4. మాటిమాటికి వాంతులు, 24 గంటలు నీరు, ఆహారము ముట్టకుండుట.
5. గాయము నుండి రక్తము, చీము, దుర్వాసన. కుట్ల వద్ద బుడిపె.
6. కడుపు ఉబ్బుట, నిలువలేక తూలిపడుట.

ఈ వివరములను దినదినము ఒక కాగితముపై వ్రాసి ఉంచినచో వైద్యునకు ఎంతయో సాయమగును: తిన్నది ఎంత, త్రాగినది ఎంత, మూత్రము ఎన్నిమారులు, వేడిమి ఎంత.

ముగింపు

ప్రతి ముసలి కుక్కయు శస్త్రచికిత్సకు తగినది కాదు. గుండె, మూత్రపిండములు బాగుగా చెడినచో వైద్యుడే వద్దనవచ్చును. ఎంత సేవ చేసినను కొన్ని కోలుకొనవు. అట్టి స్థితిలో బాధలేని మరణమును గూర్చి వైద్యునితో మనసు విప్పి మాట్లాడుట కూడ యజమాని ధర్మమే. దానిని ఊరి చివర వదలుట ధర్మము కాదు. అట్లు వదలిన కుక్క ఆకలితోను, పురుగులతోను చచ్చును.

ఈనికలు అవసరము లేని ఆడకుక్కకు వయసులోనే పిల్లల ఆపరేషను చేయించినచో గర్భసంచి చీము వ్యాధి దాదాపు రాదు. ఏటేట పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించుట ఇంటివారికిని రక్ష. ఏడెనిమిదేండ్లు దాటిన కుక్కను ఏడాదికి రెండుమారులు పశువైద్యశాలకు తీసికొనిపోయి చూపవలెను.

పైన చెప్పిన రైతు కుక్క ఆ తరువాత మంచె దగ్గరకు మరల పోయినది. ఇప్పుడది పందిని తరుమదు. మంచె క్రింద పండుకొని మొరుగును. పడుచు కుక్క లేచి పరుగెత్తుటకు ఆ మొరుగే చాలును.