అశ్వశాస్త్రంలో పోషణ, చికిత్స, శిక్షణ : ఒక పరిశీలన

గుర్రపు పోషణ, చికిత్స, శిక్షణ, రౌతుకు నేర్పవలసిన విద్య - ఈ నాలుగింటిని కలిపి ఒకే వృత్తిగా అభ్యసించే పద్ధతి నేడు పాశ్చాత్య దేశాలలో ప్రచారంలో ఉన్నది. దీనిని సమగ్రాశ్వసంరక్షణ మనవచ్చు. ఈ దృష్టికి మన ప్రాచీన శాస్త్రంలో ఎంతవరకు ఆధారమున్నదో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

మహాభారత విరాటపర్వంలో నకులుడు గ్రంథికుడనే పేరుతో విరాటుని కొలువులో చేరినాడు. తిక్కన ఆ పేరును దామగ్రంథి అన్నాడు. అశ్వశిక్షలోను, అశ్వచికిత్సలోను తనకు నేర్పు కలదని నకులుడు చెప్పుకొన్నాడు. గుర్రపు స్వభావం తెలియడం, దాని దుర్గుణాలను మాన్పడం, రోగాలను నయంచేయడం ఒకే వ్యక్తికి ఉండదగిన విద్యలుగా ఇక్కడ భావించబడినవి.

ఈ భావనకు వ్యవస్థారూపం కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని అశ్వాధ్యక్ష ప్రకరణంలో కనిపిస్తుంది. గుర్రాల కులం, వయస్సు, వర్ణం, చిహ్నాలు, వచ్చిన చోటు అధ్యక్షుడు వ్రాయించవలెను. శాల వెడల్పు గుర్రపు పొడవుకు రెండింతలుండవలెను; నడుమ అది పొర్లుటకు తావుండవలెను. ఈనిన గుర్రానికి మూడు దినాలు ప్రస్థమేసి నెయ్యి త్రాగించవలెను. నాలుగైదేండ్ల వయస్సు వచ్చిన తరువాతనే గుర్రం పనికి యోగ్యమగును. స్వారి గుర్రాలు నడువదగిన దూరం కూడ తరతమభేదాన్ని బట్టి 5, 7½, 10 యోజనాలుగా నిర్ణయించబడినది. గుర్రపు శక్తికి మించిన పని చేయించరాదన్నదే ఈ కొలతల తాత్పర్యం.

ఇక విధుల విభజన గమనింపదగినది. కట్టివేయు సాధనాలను శిక్షణాచార్యులు, యుద్ధోచితమైన అలంకారాన్ని సూతులు, దేహం చిక్కినను బలిసినను చేయవలసిన ప్రతీకారాన్ని, ఋతువును బట్టి ఆహారాన్ని చికిత్సకులు నిర్దేశింపవలెను. మేత వేయువాడు, దాణా వండువాడు, శాల కాచువాడు, విషవైద్యుడు వీరికి తోడుగా ఉందురు. పని తప్పినవానికి ఆనాటి కూలి కోత. చికిత్సకుడు నిలిపి ఉంచిన గుర్రాన్ని తోలినవానికి 12 పణాల దండం. వైద్యుని అశ్రద్ధవల్ల రోగం ముదిరితే చికిత్సావ్యయానికి రెండింతలు, గుర్రానికి హాని కలిగితే దాని మూల్యం అతడు చెల్లింపవలెను. కావున సమగ్రత అనగా ఒక్కడే అన్నిటిని చేయుట కాదు. రౌతు ఇచ్ఛకు వైద్యుని మాట హద్దుగా నిలుచుట, వైద్యుని మాటకు అతని బాధ్యత హద్దుగా నిలుచుటయే ఇందలి సమగ్రత.

రౌతు విద్యకు సంబంధించి మరొక అంశం కలదు. వల్గనం, నీచైర్గతం, లంఘనం, ధోరణం, నారోష్ట్రం అని స్వారి గుర్రపు గతులు ఐదు. వీనిలో నారోష్ట్రమనగా సంజ్ఞకు గుర్రమిచ్చు ప్రతిస్పందన. సంజ్ఞ చేయడం రౌతు పని, గ్రహించడం గుర్రపు పని. ఒకరి శిక్షణ లేక రెండవవారి శిక్షణ ఫలింపదు. "రౌతు కొద్దీ గుర్రం" అను తెలుగు సామెత సారం ఇదే.

ఈ వ్యవస్థ కేవలం భూతదయతో పుట్టినదనుట సాహసం. ఇది రాజు సేనాబలం కొరకు ఏర్పడినది. అయినను యుద్ధంచేత, రోగంచేత, ముసలితనంచేత క్షీణించిన గుర్రాలకు సయితం పోషణమాత్రమైన గ్రాసం విధించబడినది. యుద్ధానికి పనికిరాని మగ గుర్రాలను పౌర జానపదుల ప్రయోజనార్థం సంతానోత్పత్తికి వినియోగింపవలెనని కలదు.

తరువాతి కాలంలో ఈ విద్య గ్రంథాలుగా విస్తరించినది. అగ్నిపురాణంలో అశ్వవాహనం, అశ్వచికిత్స, అశ్వశాంతి వరుస అధ్యాయాలు. జయదత్తుని అశ్వవైద్యకం కలకత్తాలోను, నకులుని పేర నున్న సచిత్ర అశ్వశాస్త్రం 1952లో తంజావూరు సరస్వతీమహలులోను ముద్రితమైనవి. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసం ఈ కోవకు చెందినదే.

ఇట్టి గ్రంథాలను లక్షణకావ్యాలుగా మాత్రమే చదివితే ఓషధుల పేర్లు, రోగనామాలు వట్టి మాటలుగా మిగిలిపోవును. పశువైద్యుడు మాత్రమే చదివితే పాఠదోషం యోగదోషమై గుర్రానికే హాని కలుగును. పాఠపరిష్కర్త, పశువైద్యుడు, అశ్వశిక్షకుడు కలిసి కూర్చుండి పరిష్కరింపవలసిన శాస్త్రమిది. ప్రాచీనులు శాలలో పాటించిన సహకారాన్ని నేటి పరిశోధకులు గ్రంథాలయంలో పాటింపవలసి ఉన్నది.