లిక్విడేటర్ కాదంటే బాకీ పోయినట్టేనా?

మన ఊళ్ళలో "ఫలానావాడు ఐ.పి. పెట్టాడు" అంటే ఇక ఆ బాకీకి నీళ్ళు వదులుకోవలసిందేనని అర్థం. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాటను మనవాళ్ళు రెండక్షరాలు చేసుకున్నారు, దానితోపాటు ఆశను కూడా కుదించేసుకున్నారు. బెంగళూరు వచ్చి ముప్పై ఏళ్ళు దాటిన కుటుంబాలలోనూ ఈ అభిప్రాయం పోలేదు. బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో చిన్న యూనిట్లకు లెక్కలు రాసే నాకు ఇది తరచు ఎదురయ్యే సంగతే.

హోసూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగితే పెద్ద కంపెనీల నీడన లేత్ షాపులు, పౌడర్ కోటింగ్ షెడ్లు, ప్యాకింగ్ పెట్టెలు చేసేవారు కనిపిస్తారు. వీరిలో చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు చాలామందే ఉన్నారు. సరుకు ముందు ఇచ్చి, డబ్బు రెండు మూడు నెలలకు తెచ్చుకోవడం వీరి పద్ధతి. కొనే కంపెనీ మునిగిందంటే ఇచ్చినవాడి ఇంట్లో పిల్లల ఫీజు దగ్గరే లెక్క తప్పుతుంది.

2019లో మా మిత్రుడొకరికి అదే జరిగింది. ఆయన సరుకు ఇచ్చిన కంపెనీ (పేరు ఇక్కడ అనవసరం) లిక్విడేషన్‌లోకి వెళ్ళింది. పద్దెనిమిది లక్షల చిల్లరకు క్లెయిము పెడితే, లిక్విడేటర్ మొత్తం తోసిపుచ్చుతూ జవాబిచ్చాడు. సరుకు అందినట్టు ఋజువు లేదు, నాణ్యతపై వివాదం ఉంది అని రెండు కారణాలు చూపాడు. "ఐ.పి. పెట్టినోళ్ళ దగ్గర ఇంకేమొస్తుంది లేన్నా" అంటూ మిత్రుడు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టబోయాడు. నేను ముందు చూసింది అది అందిన తేదీ. అప్పటికి నాలుగు రోజులే అయింది.

2016 నాటి దివాలా చట్టం (ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్‌రప్టసీ కోడ్) 40వ సెక్షన్ ప్రకారం, క్లెయిమును తోసిపుచ్చే లిక్విడేటర్ అందుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. 42వ సెక్షన్ కింద, ఆ నిర్ణయం అందిన 14 రోజులలోగా ఋణదాత కంపెనీ లా ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఈ చట్టాన్ని పలుమార్లు సవరించారు గనుక, మీకు ఉత్తరం అందిన నాటికి అమలులో ఉన్న గడువు ఎంతో లాయరును అడిగి తెలుసుకోవలసిందిగా మనవి.

అప్పీలు అనగానే పెద్ద పెద్ద వాదనలు అవసరమనుకుంటాం. మాకు పనికివచ్చినవి చలానాలు. ప్రతి చలానా వెనక కంపెనీ గేటులో సెక్యూరిటీవాడు వేసిన ఇన్‌వర్డ్ ముద్ర ఉంది. వాటిని బిల్లులతోను, జి.ఎస్.టి. రిటర్నులతోను, బ్యాంకు స్టేట్‌మెంటుతోను ఒక్కొక్కటిగా జత చేయడానికి మాకు రెండు రాత్రులు పట్టింది. నాణ్యత వివాదమన్నది ఒకే ఒక్క లోడు గురించి. ఆ లోడు తాలూకు డెబిట్ నోటును మేమే ముందుగా చూపి, ఆ మేరకు తగ్గించి అడిగాం. పదకొండో రోజున అప్పీలు దాఖలైంది. ట్రైబ్యునల్ కాగితాలను తిరిగి పరిశీలించమన్నది. చివరకు పద్నాలుగు లక్షలకు పైగా ఒప్పుకున్నారు.

లిక్విడేషన్‌కు ముందు దశలో, అంటే కంపెనీని నిలబెట్టే ప్రయత్నం సాగుతున్నప్పుడు, క్లెయిములు చూసేది రిజల్యూషన్ ప్రొఫెషనల్. 2019 జనవరి 25న స్విస్ రిబ్బన్స్ కేసులో సుప్రీం కోర్టు ఈ తేడాను వివరించింది. లిక్విడేటర్ నిర్ణయానికి తీర్పు లక్షణం కొంత ఉన్నది, రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ది మాత్రం క్లెయిములను పరిశీలించి పట్టిక కట్టే పరిపాలనా బాధ్యత. కనుక ఆయన కాదంటే 60వ సెక్షన్ కింద ట్రైబ్యునల్‌కు వెళ్ళవచ్చు.

ఇది చిన్నవాళ్ళ తంటా మాత్రమే అనుకోకండి. బైజూస్ మాతృసంస్థ థింక్ అండ్ లెర్న్‌ను బెంగళూరు ట్రైబ్యునల్ 2024 జులై 16న దివాలా ప్రక్రియలోకి తీసుకున్నది. అమెరికా ఋణదాతల తరఫున గ్లాస్ ట్రస్ట్ రూ. 11,432 కోట్లకు క్లెయిము పెట్టింది. రిజల్యూషన్ ప్రొఫెషనల్ దానిని ఋణదాతల కమిటీ నుంచి తప్పించారు, ఆదిత్య బిర్లా ఫైనాన్స్ హోదానూ మార్చారు. వారిద్దరూ ట్రైబ్యునల్‌ను ఆశ్రయించగా, 2025 జనవరి 29న వారి స్థానాలను పునరుద్ధరిస్తూ ఉత్తర్వు వచ్చింది. వేల కోట్లవారు తట్టినదీ మా మిత్రుడు తట్టినదీ ఒకే తలుపు. అక్కడా కాదంటే బెంగళూరు కేసుల అప్పీలు చెన్నై బెంచికి వెళుతుంది. దానికి మామూలు గడువు 30 రోజులు.

ఇక అసలు సంగతి. క్లెయిము ఒప్పుకోవడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. 53వ సెక్షన్ వరుసలో ముందు ప్రక్రియ ఖర్చులు. తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు ఉన్న బ్యాంకులు. ఆపైన ఇతర ఉద్యోగుల జీతాలు, హామీ లేని ఆర్థిక ఋణదాతలు, ప్రభుత్వ బకాయిలు. సరుకు ఇచ్చినవాడు వీరందరి వెనక నిలబడాలి. ఇది నాకు న్యాయంగా తోచదు. అయినా లాయరు ఫీజుకు మించి వచ్చే అవకాశముందా అని ముందే లెక్క వేసుకోవడం మంచిది. కార్మికుల ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ నిధుల సొమ్ము మాత్రం ఈ పంపకంలోకే రాదు. షెడ్డులో పనిచేసే మన పిల్లలకు ఈ ముక్క తప్పక చెప్పండి.

మా మిత్రుడికి మూడేళ్ళ తర్వాత ముట్టినది లక్షా డెబ్బై వేలు. అందులో నలభై వేలు లాయరుకు పోయాయి. మిగిలినదానితో పాత కంప్రెసర్ మార్చాడు.