టీవీకి 'ఆన్'... సినిమాకి 'ఇన్'!

'ఐ సా శివ ఇన్ టీవీ' అని పిల్లాడు రాస్తే టీచరు 'ఇన్' కొట్టేసి 'ఆన్' పెడుతుంది. సరేనని మర్నాడు 'నాగార్జున యాక్టెడ్ ఆన్ శివ' అని రాస్తాడు. ఈసారి 'ఆన్' కొట్టేసి 'ఇన్' పెడుతుంది. వాడు పుస్తకం పట్టుకుని నాన్న దగ్గరికొస్తే ఏం చెప్పాలి?

తప్పు వాడిది కాదు, మన 'లో'ది. టీవీలో, సినిమాలో, థియేటర్లో, రేడియోలో... మనకి అన్నిటికీ అదొక్కటే చాలు. (పాత వ్యాకరణం దాన్ని తీసుకెళ్లి షష్ఠీ విభక్తిలో ఎందుకు పెట్టిందన్నది మరో ఆదివారం ముచ్చట!) ఇంగ్లిషువాళ్లు ఆ ఒక్క 'లో'నే ముక్కలు ముక్కలు చేసుకున్నారు.

టీవీ, రేడియో, యూట్యూబ్... ఇవన్నీ బొమ్మనో మాటనో మనదాకా మోసుకొచ్చే సాధనాలు. వీటికి 'ఆన్'. ఫోన్లో మాట్లాడటానికీ అదే. 'ఇన్ ద టీవీ' అంటే పెట్టె లోపల అని. అందులో బల్లి దూరితే అప్పుడు వాడొచ్చు! 'ఆన్ ద టీవీ'కి ఒకప్పుడు ఇంకో అర్థమూ ఉండేది. డబ్బాలాంటి పాత టీవీ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ పరిచి పూలకూజా పెట్టేవాళ్లం, గుర్తుందా? ఆ కూజా కూడా 'ఆన్ ద టీవీ'నే. గోడకి తగిలించే టీవీలొచ్చాక ఆ చిక్కు తీరింది.

సినిమా అలా కాదు. అదో కథ, ఓ లోకం. పాత్రలూ ఫైట్లూ దాని లోపలుంటాయి కాబట్టి 'ఇన్'. నాగార్జుననే చూడండి. 1989లో 'ఇన్ శివ'. అదే 2014లో మొదలైన 'మీలో ఎవరు కోటీశ్వరుడు' దగ్గరికొచ్చేసరికి 'ఆన్'. అక్కడ ఆయన పాత్ర కాదు, నాగార్జునగానే కనిపించారు మరి. సీరియల్లో అత్తగారి వేషం కట్టినవాళ్లకి మళ్లీ 'ఇన్'. అమెరికావాళ్లు మాత్రం సీరియల్‌కీ 'ఆన్' అనేస్తుంటారు. అక్కడున్న మేనకోడలు అలా అంటే తప్పు పట్టకండి.

థియేటర్‌కి 'ఎట్'. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సుదర్శన్‌లో చూశామంటే 'ఎట్ సుదర్శన్'. హాలు లోపల ఉక్కపోసిందని చెప్పాలంటే 'ఇన్'. షూటింగ్ సెట్లో ఉంటే 'ఆన్ ద సెట్'.

'ఈ పాట ఏ సినిమాలోది?' అన్నచోట ఇవేవీ పనికిరావు. అక్కడ 'ఫ్రమ్' రావాలి. పాటను సినిమా నుంచి బయటికి తెచ్చుకుని పాడుకుంటున్నాం కదా!

ఇక 'టీవీ చూస్తున్నా' అనడానికైతే ఏదీ అక్కర్లేదు. 'వాచింగ్ టీవీ'... అంతే.