ఫుట్‌బాల్ క్రీడాకారుల వేతనపరిమితి: హైదరాబాద్ అనుభవం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వృత్తి ఫుట్‌బాల్‌లో క్రీడాకారుల వేతనాలకు గరిష్ఠ పరిమితి ఉండాలా అన్న ప్రశ్నను ఈ వ్యాసం హైదరాబాద్ ఫుట్‌బాల్ అనుభవం ఆధారంగా పరిశీలిస్తుంది. ఒక్కొక్క వ్యక్తి వేతనానికి విధించే పరిమితికీ, జట్టు మొత్తం వ్యయానికి విధించే పరిమితికీ గల భేదాన్ని వివరిస్తుంది. ఒప్పుకున్న వేతనం సకాలంలో అందేలా చూసే రక్షణ లేనిదే ఏ పరిమితీ సార్థకం కాదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫుట్‌బాల్, వేతనపరిమితి, హైదరాబాద్ ఎఫ్‌సి, ఇండియన్ సూపర్ లీగ్, క్రీడాకారుల హక్కులు.

1. ఉపోద్ఘాతం:
ఐరోపా ఫుట్‌బాల్ తారల వారపు వేతనం లక్షల పౌండ్లలో ఉంటుందన్న వార్త చదివినప్పుడు, నర్సంపేట పరిసరాల్లో పత్తి, మిర్చి పండించే రైతుకు అది అన్యాయంగా తోచడం సహజం. బంతిని తన్నేవారికి అంత ధనం ఎందుకన్న ప్రశ్న నుంచే వేతనపరిమితి వాదం బలం పుంజుకుంటుంది. అయితే ఆ తారలు ఈ వృత్తిలో అతి స్వల్పసంఖ్యాకులు. మన ప్రాంతం నుంచి ఫుట్‌బాల్‌ను జీవనాధారంగా ఎంచుకోదలచిన యువకుడి ముందున్న ప్రశ్న వేరు. ఒప్పందంలో రాసిన జీతం నెలనెలా చేతికి అందుతుందా అన్నదే అతని ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి చూడవలసి ఉంది.

2. హైదరాబాద్ నేపథ్యం:
హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆనాటి ఆటగాళ్లకు పోలీసు శాఖ ఉద్యోగమే జీవనాధారం. వేతనం పరిమితమే అయినా అది ఉద్యోగభద్రతతో కూడినది. ఆట ముగిసినా ఉద్యోగం మిగిలేది. నేటి వృత్తి క్రీడాకారుడికి ఆ ఆసరా లేదు. పది, పన్నెండేళ్ల క్రీడాజీవితంలో సంపాదించినదే తరువాతి కాలానికీ ఆధారం.

3. వ్యక్తిగత పరిమితి – ఇంగ్లండ్ పాఠం:
ఇంగ్లండ్‌లో 1901లో క్రీడాకారుడి గరిష్ఠ వేతనం వారానికి 4 పౌండ్లుగా నిర్ణయమైంది. 1958 నాటికి అది 20 పౌండ్లకు చేరింది. మైదానాలు ప్రేక్షకులతో నిండుతున్నా, ఆ ఆదాయానికి కారకులైన ఆటగాళ్లకు అంతకు మించి ఇచ్చే వీలు లేదు. ఫలితంగా చాటుమాటు చెల్లింపులు పెరిగాయి. 1957లో సండర్‌లాండ్ క్లబ్బుకు ఇందుకే 25,000 పౌండ్ల జరిమానా పడింది. జిమ్మీ హిల్ నాయకత్వాన క్రీడాకారుల సంఘం సమ్మెకు సిద్ధపడటంతో 1961 జనవరిలో ఆ పరిమితి రద్దయింది. అనతికాలంలోనే ఫుల్‌హామ్ ఆటగాడు జానీ హేన్స్ వేతనం వారానికి 100 పౌండ్లయింది. వ్యక్తి వేతనాన్ని కుదిస్తే ఆ మిగులు రైతుకో, ఉపాధ్యాయుడికో చేరదు, క్లబ్బు యజమాని వద్దే ఉండిపోతుంది. ఈ విషయం పై చరిత్ర వల్ల అవగతమవుతుంది.

4. జట్టు వ్యయపరిమితి – హైదరాబాద్ ఎఫ్‌సి:
రెండో పద్ధతిలో జట్టు మొత్తం జీతాలకు హద్దు ఉంటుంది. ఆ హద్దులో ఎవరికి ఎంత ఇవ్వాలో క్లబ్బు నిర్ణయించుకుంటుంది. ఐపీఎల్ వేలంలో ప్రతి జట్టుకూ ఒకే మొత్తం కేటాయించడం తెలుగు పాఠకులకు పరిచితమే. ఇండియన్ సూపర్ లీగ్‌లోనూ 2021–22లో సుమారు 16.5 కోట్ల రూపాయల పరిమితి ఉండేది. ధనిక క్లబ్బులు మేటి ఆటగాళ్లందరినీ పోగుచేసుకోకుండా, క్లబ్బులు అప్పుల పాలు కాకుండా చూడటం దీని ఉద్దేశం.

మొదటి ప్రయోజనం కొంతవరకు నెరవేరిందనవచ్చు. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సి తన మూడో సీజన్‌లోనే, 2022 మార్చి 20న గోవాలో జరిగిన తుదిపోరులో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల ద్వారా ఓడించి విజేత అయింది. రెండో ప్రయోజనం మాత్రం నెరవేరలేదు. బకాయిల వివాదాల కారణంగా 2023లో ఫిఫా ఆ క్లబ్బుపై కొత్త ఆటగాళ్ల నమోదు నిషేధం విధించింది. 2024 జనవరిలో పలువురు ఆటగాళ్లు జట్టును వీడారు. యువకులతో నెట్టుకొచ్చిన ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క విజయంతో జట్టు అట్టడుగున నిలిచింది. తరువాత యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

ఈ పరిణామమంతా వేతనపరిమితి అమలులో ఉండగానే జరిగిందన్నది గమనార్హం. ఎంతకు మించి ఖర్చు చేయరాదో పరిమితి చెబుతుంది. అంత చెల్లించే స్తోమత క్లబ్బుకు ఉందా అన్నది అది చెప్పదు.

5. పరిమితికి తోడు కావలసిన రక్షణలు:
హద్దును ఆదాయంతో ముడిపెట్టడం ఒక మార్గం. జీతాలు, బదిలీలు, ఏజెంట్ల రుసుములు కలిపి ఆదాయంలో 70 శాతానికి మించరాదన్న నియమాన్ని యూఈఎఫ్‌ఏ దశలవారీగా అమలు చేసింది. రెండు నెలల జీతం అందని ఆటగాడు 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి ఒప్పందం నుంచి వైదొలగవచ్చన్న ఫిఫా నిబంధన మరొక రక్షణ. అయితే అది అతనికి విముక్తినిస్తుంది గాని, వెంటనే జీతాన్నివ్వదు. అందువల్ల సీజన్ ఆరంభానికి ముందే కొన్ని నెలల జీతాలకు సరిపడే హామీ సొమ్మును ప్రతి క్లబ్బూ లీగ్ వద్ద జమచేయడం అవసరం.

క్రీడాకారుల సమ్మతి కూడా ముఖ్యమే. ఇంగ్లండ్‌లోని మూడో, నాలుగో శ్రేణి క్లబ్బులకు 2020 ఆగస్టులో తెచ్చిన జీతాల పరిమితి 2021 ఫిబ్రవరిలో రద్దయింది. ఆటగాళ్ల సంఘాన్ని సరిగా సంప్రదించకపోవడమే అందుకు కారణం.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:
• వ్యక్తి వేతనానికి పరిమితి విధించడం సమంజసం కాదు. అది సంపదను పంచదు, యజమానికి మిగులుస్తుంది.
• జట్టు వ్యయానికి పరిమితి పోటీలో సమస్థితికి తోడ్పడుతుంది. అది క్లబ్బు వాస్తవ ఆదాయానికి అనుగుణంగా, ఆటగాళ్ల సమ్మతితో ఉండాలి.
• గరిష్ఠ పరిమితి కన్నా ముందు రావలసినది చెల్లింపుకు హామీ.

రహీం కాలపు ఆటగాడికి జీతం తక్కువే అయినా, అది వస్తుందన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని వృత్తి ఫుట్‌బాల్‌లో తిరిగి నెలకొల్పినప్పుడే చిన్న పట్టణాల యువకులు ధైర్యంగా ఈ ఆటను వృత్తిగా ఎంచుకోగలుగుతారు.