కొత్త రాక్ సంగీతము: వినుట, విలువ కట్టుట

చిక్కబళ్ళాపురమునకును గౌరిబిదనూరునకును నడుమ నున్న మంచేనహళ్ళి మొదలుకొని బాగేపల్లి, చింతామణి వరకు గల కన్నడ తెలుగు సరిహద్దు సీమలో, ఇంట తెలుగు మాటాడి బడిలో కన్నడము చదువుకొనువారు పెక్కుమంది కలరు. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసి, జనులచే తాతయ్యయని కొలువబడుచున్న యోగి నారేయణులు ఈ రెండు భాషలయందును కీర్తనలు రచించినవారగుటచే, భాష మారినను భావమును విడువక పట్టుకొను చెవి ఇచ్చటి శ్రోతలకు తరతరములుగా అలవడినది. అట్టివారికి, దాపుననే యున్న బెంగుళూరులో పుట్టి, తెలుగు కృతులను గిటారులతో పలికించుచున్న రాక్ సంగీతము పరాయిది కానేరదు. దానిని వెదకుటకును, విని విలువ కట్టుటకును ఒక పద్ధతి మాత్రము కావలయును.

రాక్ పాటలను శ్రద్ధతో విమర్శించు పత్రికలలో మొదటిదిగా, 1966లో అమెరికాలో పాల్ విలియమ్స్ అను పదునేడేండ్ల కళాశాల విద్యార్థి ప్రారంభించిన 'క్రాడాడీ'ని పేర్కొందురు. మన దేశమున 1993లో అలహాబాదునుండి అమిత్ సైగల్ వెలువరించిన 'రాక్ స్ట్రీట్ జర్నల్' అట్టి కృషియే చేసి, దుకాణములలో దొరకని కొత్త బృందముల పాటలను క్యాసెట్లకెక్కించి శ్రోతలకందించెను. ఆనాడు పాట దొరకుటయే గగనము. 2015 జూలై 10 నుండి ప్రపంచమంతట కొత్త ఆల్బములను శుక్రవారమున విడుదల చేయు ఆచారమేర్పడిన పిమ్మట, వారము వారము ఎవ్వరును విని ముగింపజాలనన్ని పాటలు సెల్‌ఫోనులోనికి వచ్చిపడుచున్నవి. పైగా ఫోను సూచించునవి తరచుగా మనము మునుపు వినినవాని పోలికలే. కావున నచ్చిన పాట దొరకినప్పుడు, అందు డ్రమ్ములు వాయించినవారెవరు, మిక్సింగ్ చేసినవారెవరు, వారు మరి యే బృందములతో కలిసి పనిచేసిరి అని ఆరాతీయుచు పోవుటయే మేలు. ఒక పేరు మరియొక పేరునకు త్రోవ చూపును.

ఎలక్ట్రిక్ గిటారు ధ్వని మొదట కొందరికి కర్ణకఠోరముగా తోచును. ఆంప్లిఫైయరును దాని శక్తికి మించి పనిచేయించినప్పుడు, నాదతరంగముల శిఖరములు తెగిపోయి, మూలస్వరమునకు తోడుగా అనుస్వరములనేకము పుట్టును. దీనినే డిస్టార్షన్ అందురు. ఇందువలన స్వరము వెంటనే అణగిపోక చాలసేపు నిలుచును. స్వరము నిలిచియుండగా తీగను వ్రేలితో ప్రక్కకు లాగి ఊపినచో, గిటారు మెట్లపైనను వీణమీది వలె గమకము పలుకును. కర్ణాటక సంగీతమునకును రాక్ సంగీతమునకును పొత్తు కుదురుటకు ఈ గుణము మిక్కిలి తోడ్పడినది.

ఆ పొత్తుకు చక్కని ఉదాహరణము బెంగుళూరు బృందమైన 'అగం'. హరీశ్ శివరామకృష్ణన్ ప్రధాన గాయకుడుగా నున్న ఈ బృందము 2012లో 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్', 2017లో 'ఎ డ్రీమ్ టు రిమెంబర్' అను ఆల్బములను వెలువరించెను. మొదటిదానిలోని 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అను పాటకు హంసనాదరాగమున త్యాగరాజస్వామి రచించిన 'బంటురీతి కొలువు', రెండవదానిలోని 'మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్' అను పాటకు నళినకాంతిలోని 'మనవ్యాలకించరాదటే' ఆధారములు. బంటురీతి యనునది రాముని కొలువులో భటుడుగా నిలువగోరు భక్తుని విన్నపమగుటచే, డ్రమ్ముల వీరోచితమైన నడక దానికి సహజముగా నొప్పును. మనవ్యాలకించరాదటే యనునదియో, త్యాగయ్య తన మనస్సునకు మర్మము తెలిపెదనని బుజ్జగించుచు చెప్పుకొనునది. ఇచ్చట వాద్యబలము పెరిగినకొలది ఆంతరంగికత సన్నగిల్లు ప్రమాదము కలదు. కృతి భావమునకు వాద్యము దోహదము చేసినదా, దానిని కప్పివేసినదా యని తరచి చూచుటయే విమర్శకుని ముఖ్యకర్తవ్యము.

ఇందులకు ఒక్కసారి వినిన చాలదు. మొదట ఆల్బమును ఆదినుండి తుదివరకు విరామము లేక వినవలెను. పిమ్మట ఇయర్‌ఫోనులు పెట్టుకొని బాస్ గిటారును, డ్రమ్ములను ప్రత్యేకముగా గమనింపవలెను. ఆ తరువాత సంప్రదాయగాయకులు పాడిన మూలకృతిని విని, మరల కొత్తదానికి రావలెను. వ్రాయునప్పుడు విడుదలయైన సంవత్సరమును, కళాకారుల పేర్లను ముందు తెలిపి, వినబడినదానిని వర్ణించి, ఆ పిదపనే తీర్పు చెప్పవలెను. అద్భుతమనియో, గోలయనియో ఒక్కమాటతో తేల్చివేయుటవలన చదువరికి లాభము లేదు. పల్లవిలో ఏ పదము డ్రమ్ముల క్రింద మరుగుపడినదో, ఏ సంగతి గిటారుపై నిండుగా పలికినదో చూపినప్పుడే ఆ మాటకు బలము చేకూరును.

దీర్ఘము కురుచయైనను, పదము అర్థము చెడునట్లు విరిగినను తెలుగు చెవి ఇట్టే పసికట్టును. ఈ సరిహద్దు సీమలోని యువతీయువకులు తమకు సహజముగా నబ్బిన ఈ వివేకమును పాటలు వినుటతో ముగింపక, తెలుగున సమీక్షలు వ్రాయుటకును వినియోగించినచో, వినువారికి త్రోవయు, పాడువారికి తమ పాటలోని తెలుగు ఎట్లు వినబడుచున్నదో తెలుసుకొను అవకాశమును లభించును.